తుపాను మన తీరం వైపు వస్తున్నప్పుడు పటంలో దేన్ని చూడాలి? (విశాఖ వాసుల చర్చ)

మధురవాడ_పదో_అంతస్తు:
అందరికీ నమస్కారం. మాది కరీంనగర్. ఉద్యోగరీత్యా విశాఖ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాము. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చిన నాటికి మేము ఈ ఊళ్లో లేము కాబట్టి, తుపాను అంటే టీవీలో కనిపించే ఎర్రని సుడి తప్ప మాకు మరేమీ తెలియదు. ఈ అక్టోబరు మొదలైనప్పటి నుంచి ఫోనులో ఒక వాతావరణ యాప్ చూస్తున్నాను. పది రోజుల తర్వాత పెద్ద తుపాను సరిగ్గా విశాఖ మీదికే వస్తుందని మొన్న రాత్రి చూపింది. తెల్లవారేసరికి అదే తుపాను చెన్నై వైపు జరిగింది, సాయంత్రానికి బంగ్లాదేశ్ చేరింది. ఇంతలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘వస్తే కాకినాడ దగ్గర తీరం దాటుతుందట, మనకు బెంగ లేదు’ అని ఒకరు, ‘రేవులో పదో నెంబరు హెచ్చరిక ఎగరేసే దాకా కదలనక్కరలేదు’ అని మరొకరు రాశారు. బలమైన తుపాను తీరం వైపు వస్తున్నప్పుడు అసలు ఎప్పటి నుంచి చూడాలి, దేన్ని చూడాలి, పటం మీద తుపాను దారిగా గీసే గీతను ఎంతవరకు నమ్మాలి? అనుభవజ్ఞులు చెప్పగలరు.

గాలిమర:
అమ్మా, నేను వాతావరణ పరిశీలనలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మీ యాప్ చూపిన మూడు చోట్లకూ కారణం ఒక్కటే. ఇంకా పుట్టని అల్పపీడనానికి కంప్యూటర్ దారి లెక్కకడుతోంది. తుపాను తనంతట తాను నడవదు. ఏటి ప్రవాహంలో సుడి కొట్టుకుపోయినట్టు, పైనున్న గాలులు దాన్ని తీసుకుపోతాయి. పది రోజుల తర్వాత ఆ గాలులు ఎలా ఉంటాయో ఈరోజు తేలదు కనుక, లెక్క మొదలుపెట్టిన ప్రతిసారీ జవాబు మారుతుంది. అందులో మోసమేమీ లేదు గానీ, దాన్ని హెచ్చరికగా చదవడం సరి కాదు.

బంగాళాఖాతంలో అల్పపీడనం నిజంగా ఏర్పడిన తర్వాత చూడవలసింది భారత వాతావరణ శాఖ బులెటిన్లను. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండమనీ, 50 చేరితే తీవ్ర వాయుగుండమనీ, 62 దాటితే తుపాను అనీ అంటారు. పేరు పెట్టేది అప్పుడే. 89 దగ్గర తీవ్ర తుపాను, 118 దగ్గర అతి తీవ్ర తుపాను అవుతుంది. తుపాను స్థాయికి చేరిన తర్వాత ప్రతి మూడు గంటలకూ, తీరం దగ్గరపడిన తర్వాత దాదాపు గంట గంటకూ బులెటిన్ వస్తుంది. తీరానికి సంబంధించిన హెచ్చరికలు నాలుగు దశల్లో ఉంటాయి: సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు, తీరం దాటిన తర్వాత లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుందన్న అంచనా. కాబట్టి మీ కంగారుకు కూడా 72 గంటలు చాలు, పది రోజులు అక్కరలేదు.

ఇక గీత సంగతి. గీత చుట్టూ గంట ఆకారంలో విచ్చుకుంటూ పోయే మేరను చాలామంది తుపాను పరిమాణమనుకుంటారు. అది తుపాను వెడల్పు కాదు. గత సంవత్సరాల అంచనాల్లో వచ్చిన తేడాలను బట్టి, తుపాను కేంద్రం ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉండవచ్చో చూపే హద్దు మాత్రమే. గాలీ వానా ఆ హద్దు బయట కూడా ఉంటాయి. ఇరవై నాలుగు గంటల ముందు ఇచ్చే అంచనాలో సగటు తేడా ఇప్పుడు వంద కిలోమీటర్ల లోపే ఉంటోంది, అది చాలా గొప్ప ప్రగతి. అయితే విశాఖ నుంచి శ్రీకాకుళానికి ఉన్న దూరం కూడా సుమారు అంతేనని గుర్తుంచుకుంటే, గీత మన ఊరి మీద నుంచి పోతోందా, పక్క ఊరి మీద నుంచా అని తర్కించుకోవడం ఎంత వృథానో తెలుస్తుంది.

సీతమ్మధార_పాతకాపు:
గాలిమర గారు చెప్పినదంతా పుస్తకాల్లో బాగానే ఉంటుంది. నేను మాత్రం 2013 నవంబరులో వచ్చిన లెహర్‌ను మరిచిపోలేదు. అతి తీవ్ర తుపాను వస్తోందని కోస్తా అంతటినీ హడలగొట్టారు. చివరికి నవంబరు 28న మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి అది ఒట్టి వాయుగుండంగా మిగిలింది. ఇలా నాలుగుసార్లు జరిగితే ఐదోసారి జనం ఎందుకు కదులుతారు? పైగా కాకినాడ దగ్గర దాటే తుపానుకు విశాఖ వాళ్లు భయపడటంలో అర్థం లేదన్న ఆ వాట్సాప్ మాట నాకు తప్పుగా కనిపించడం లేదు. కాకినాడ ఇక్కడికి 150 కిలోమీటర్ల దూరం కదా.

గాలిమర:
పాతకాపు గారూ, లెహర్ బలహీనపడటం హెచ్చరిక తప్పడం వల్ల కాదు. అది ఆంధ్ర తీరానికి వచ్చే దారిలో సముద్రం కింది పొరల్లో వేడి తక్కువగా ఉంది, పొడిగాలి లోపలికి చొరబడింది, పైగాలికీ కిందిగాలికీ మధ్య వేగంలోనూ దిక్కులోనూ తేడా పెరిగి సుడి నిట్టనిలువుగా నిలబడలేకపోయింది. ఆ మూడూ కలిసిరాకపోయి ఉంటే 1977 నవంబరు 19న దివిసీమ పడిన బాధ ఎలాంటిదో మీ తరానికి నేను చెప్పనక్కరలేదు. ఆ రోజు సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది వరకు పోయారు.

మీ రెండో మాటతో మాత్రం గట్టిగా విభేదిస్తున్నాను. ఈ చర్చలో అందరూ తెలుసుకోవలసింది కూడా అదేనని నా అభిప్రాయం. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుపాను వాయవ్యంగా మన తీరం వైపు వస్తోందనుకోండి. అది నడిచే దిశకు ముఖం పెట్టి నిలబడితే, కుడి చేతి వైపు తీరానికి గాలి సముద్రం మీది నుంచి నేల మీదికి వీస్తుంది, ఎడమ చేతి వైపు తీరానికి నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. కుడి పక్కన తిరిగే గాలికి తుపాను నడక వేగం కూడా తోడవుతుంది. అంటే తుపాను తునికో కాకినాడకో దగ్గరగా దాటితే విశాఖ దానికి కుడి పక్కన ఉంటుంది, కళింగపట్నం దగ్గర దాటితే ఎడమ పక్కన ఉంటుంది. దూరం ఒకటే అయినా సముద్రం పొంగే విషయంలో మనకు కీడు చేసేది దక్షిణాన దాటే తుపానే. కాకినాడ దగ్గర దాటుతుందని వినగానే ఊపిరి పీల్చుకునేవారు తలకిందులుగా ఆలోచిస్తున్నారన్న మాట. 150 కిలోమీటర్ల దూరంలో పెనుగాలి రాకపోవచ్చు, అది నిజమే. వాన, అలలు, తీరం కోత వస్తాయి.

పెదజాలరిపేట_బోటు:
మా నాన్నగారూ తాతగారూ సముద్రం మీదే బతికారు. నేను చదువుకుని వేరే ఉద్యోగంలో ఉన్నా ఇల్లు ఇంకా పేటలోనే ఉంది. గాలిమర గారు చెప్పిన కుడి ఎడమల సంగతి మా వాళ్లకు వేరే రకంగా తెలుసు. సముద్రం వెనక్కి పోయిందని టీవీ వాళ్లు కెమెరాలు పట్టుకుని వచ్చినప్పుడు, గాలి కొండల వైపు నుంచి వీస్తోంది గనుక నీళ్లను సముద్రం లోపలికి నెడుతోందని పేటలో పెద్దవాళ్లు తేలిగ్గా చెప్పేస్తారు. ఆకాశం నీలంగా, గాలి లేకుండా ఉన్న రోజున కూడా పొడుగాటి అలలు తీరిగ్గా, ఒకదానికొకటి చాలా ఎడంగా వచ్చి ఒడ్డున విరుగుతుంటే, ఎక్కడో దూరాన గాలి పని చేస్తోందని పడవలను మెరక మీదికి లాగడం మొదలుపెడతారు. తుపాను నడక కంటే దాని అలల నడక వేగం ఎక్కువ కాబట్టి అవి ముందే వచ్చి చెబుతాయి.

పోర్టు హెచ్చరికల నెంబర్ల గురించి ఒక సంగతి రాస్తాను. నెంబరు పెరిగే కొద్దీ ప్రమాదం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. 1, 2 నెంబర్లు దూరాన సముద్రంలో ఏదో ఉందని చెప్పడానికి, 3, 4 నెంబర్లు రేవు దగ్గర వాతావరణం పాడవుతుందని చెప్పడానికి. 5, 6, 7 ప్రమాదం, 8, 9, 10 పెనుప్రమాదం. అయితే 8కీ 9కీ 10కీ మధ్య ఉన్న తేడా తుపాను బలంలో కాదు, రేవు ఏ పక్కన ఉందన్న దానిలో. తుపాను దారికి రేవు ఎడమ పక్కన ఉంటే 8, కుడి పక్కన ఉంటే 9, రేవు మీదుగానో బాగా దగ్గరగానో దాటితే 10. పదకొండో నెంబరుకు అర్థం హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. కనుక పదో నెంబరు కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారు, తొమ్మిదో నెంబరు ఎగిరినప్పుడు తమ ఊరు కుడి పక్కన ఉందన్న సంగతిని పట్టించుకోవడం లేదన్న మాట.

బరంపురం_తెలుగు:
మాది ఒడిశాలోని బరంపురం. మా అక్కగారి ఇల్లు విశాఖలో ఉంది కాబట్టి ఈ వేదికను చదువుతుంటాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ మా పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర గంటకు సుమారు 260 కిలోమీటర్ల గాలితో దాటిన సూపర్ సైక్లోన్‌లో పదివేల మంది వరకు పోయిన రాష్ట్రం మాది. ఫైలిన్ నాటికి దాదాపు పది లక్షల మందిని ముందుగానే తరలించారు, మరణాలు పదుల సంఖ్యలో ఆగాయి. అదే తీరం, దాదాపు అదే కాలం. కదిలించడం వల్ల వచ్చిన తేడా అది. పాతకాపు గారు ‘ఐదోసారి ఎందుకు కదులుతారు’ అన్నారు. మా ఊరి వాళ్లు ఐదోసారీ కదులుతారు, ఎందుకంటే కదలని ఒక్కసారి వాళ్లకు గుర్తుంది.

మరో మాట. లెహర్ తీరానికి వచ్చేసరికి నీరసించింది సరే, తిత్లీ సంగతేమిటి? అది బంగాళాఖాతంలో తక్కువ వ్యవధిలోనే బలం పుంజుకుని 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత వానకు వంశధార పొంగింది. రాత్రి పడుకునే ముందు చూసిన బులెటినే తెల్లారిన తర్వాత కూడా నిజమనుకోకూడదు. తుపాను దారిని అంచనా వేయడంలో ఉన్నంత పట్టు, అది ఎంత వేగంగా బలపడుతుందో చెప్పడంలో ఇంకా ఎవరికీ చిక్కలేదు.

ఏయూ_భౌతికశాస్త్రం:
ఎందుకు చిక్కలేదో నాకు తెలిసినంతలో చెబుతాను. మన సముద్రంలో తుపాను లోపలికి విమానాలను పంపి గాలిని కొలిచే ఏర్పాటు లేదు. ఇన్సాట్ ఉపగ్రహాలు పంపే చిత్రాల్లో మేఘాలు ఎలా చుట్టుకున్నాయో, కన్ను (సుడి నడుమ గాలి లేని చోటు) ఎంత స్పష్టంగా ఉందో, దాని చుట్టూ మేఘం పైభాగం ఎంత చల్లగా ఉందో చూసి బలాన్ని అంచనా వేస్తారు. 1970లలో డ్వొరాక్ అనే అమెరికా శాస్త్రవేత్త రూపొందించిన పద్ధతి అది. తీరానికి నాలుగైదు వందల కిలోమీటర్ల లోపలికి వచ్చాక వానమేఘాలనూ గాలి కదలికనూ పసిగట్టే డాప్లర్ రాడార్ అందుకుంటుంది.

బులెటిన్‌లో అంకెలను పోల్చేటప్పుడు ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే గోడ మీద పడే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలికి తట్టుకున్న రేకుల షెడ్డు 180 కిలోమీటర్ల గాలికి కూడా కొంతైనా తట్టుకుంటుందని లెక్కవేయడం ప్రమాదకరం. ఇక కేంద్రంలో గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కేంద్రంలో పీడనం సుమారు 950, గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్లు. మామూలు పీడనం 1010 అనుకుంటే, పీడనం ఒక్కదాని వల్లే నీటిమట్టం అరవై సెంటీమీటర్లు పెరగాలి. విశాఖ రేవులో నమోదైన ఉప్పెన సుమారు 1.4 మీటర్లు, కాబట్టి మిగిలిన భాగంలో ఎక్కువ గాలి నెట్టుకొచ్చిందే. మన తీరం దగ్గర సముద్రం త్వరగా లోతెక్కుతుంది కనుక నీరు కుప్పపడటానికి చోటు తక్కువ. దివిసీమ దగ్గర లోతు తక్కువ, నేల చదును. అంత బలమైన తుపాను అటు దాటి ఉంటే ఉప్పెన కథ వేరేగా ఉండేది.

మధురవాడ_పదో_అంతస్తు:
అందరికీ కృతజ్ఞతలు. తొమ్మిదో నెంబరు సంగతి గ్రూపులో పెట్టగానే కాకినాడ గురించి రాసిన అంకుల్ ఫోన్ చేసి మరీ అడిగారు. ఇంకో రెండు సందేహాలు. మాది పదో అంతస్తు, సముద్రం వైపు నిలువెత్తు అద్దాలున్నాయి. అంత ఎత్తున ఉప్పెన భయం లేదు కాబట్టి ఇంట్లోనే ఉండి చూడవచ్చా? రెండోది, తుపాను దాటే రోజున బీచ్ రోడ్డుకు వెళ్లి అలలు చూడటం ఇక్కడ ఆనవాయితీ అని మా అబ్బాయి స్నేహితులు అంటున్నారట.

లైన్‌మన్_గారి_అమ్మాయి:
రెండో దానికి ముందు జవాబిస్తాను. అది ఆనవాయితీ కాదు, ఆకతాయితనం. హుద్‌హుద్‌లో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఆ తీరం రోడ్డు అనేక చోట్ల కోసుకుపోయింది. అల తడిపే చోట నిలబడి చూసేవాడికి కాళ్ల కింద ఇసుక ఎప్పుడు జారుతుందో తెలియదు. అంతకంటే ముఖ్యం, పోలీసులనూ మా నాన్నగారి లాంటి వాళ్లనూ ఒక ఆకతాయి కోసం గాలిలోకి పంపవలసి వస్తుంది.

అద్దాల విషయం. పైకి వెళ్లే కొద్దీ గాలి వేగం పెరుగుతుంది. హుద్‌హుద్‌లో ఎత్తు తక్కువ భవనాలకే అద్దాలు వరసగా పగిలాయి, విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది. అద్దం పగిలి గాలి లోపలికి వస్తే మిగిలిన కిటికీలనూ తలుపులనూ లోపలి నుంచి బయటికి నెడుతుంది. సముద్రం వైపు గదులను ఖాళీ చేసి, భవనం మధ్యలో కిటికీలు లేని నడవలోనో, కింది అంతస్తుల్లో తెలిసినవారి ఇంట్లోనో ఉండండి. లిఫ్టు పనిచేయదు, ఎందుకంటే గాలి పెరగక ముందే కరెంటు ఆపేస్తారు.

ఇక్కడ ఎవరూ రాయని సంగతి కన్ను గురించి. హుద్‌హుద్ రోజు మధ్యాహ్నం హోరుమన్న గాలి ఉన్నట్టుండి సద్దుమణిగింది. అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చి పడిన చెట్లను చూడసాగారు. తుపాను కన్ను ఊరి మీద ఉన్నందువల్ల వచ్చిన విరామం అది. కన్ను దాటాక గాలి వ్యతిరేక దిక్కు నుంచి మళ్లీ అందుకుంది. మొదటి గాలికి ఒక పక్క వేళ్లు వదులైన చెట్లు, స్తంభాలు రెండో గాలికి పడ్డాయి. మా నాన్నగారు మాకు బయటికి పోవద్దని చెప్పి కిటికీ గొళ్లెం మీద చెయ్యి తీయలేదు. గాలి నెమ్మదిగా, గంటల తరబడి తగ్గితే అది తుపాను వెళ్లిపోవడం. ఒక్కసారిగా ఆగితే తలుపు తీయవద్దు.

సీతమ్మధార_పాతకాపు:
అమ్మాయి చెప్పినది నేనూ కళ్లారా చూశాను, మా వీధిలోనూ అలాగే జరిగింది. కుడి పక్క సంగతి ఇన్నేళ్లలో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా టీవీల మీద నా ఫిర్యాదు అలాగే ఉంది. నాలుగు రోజుల పాటు అదే సుడిబొమ్మను ఎర్రగా తిప్పుతూ, నేపథ్యంలో కొమ్ములు ఊదుతూ ఉంటే అసలు బులెటిన్‌లో ఏముందో వినబడదు.

గాలిమర:
టీవీల విషయంలో మీతో నాకు తగాదా లేదు. నిజానికి హుద్‌హుద్ విశాఖ పరిసరాల్లోనే తీరం దాటుతుందని వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది, ఆ మాట నిలబడింది కూడా. చివరి గంటల్లో మాత్రం చూడటానికి ఏ తెరా మిగలలేదు. కైలాసగిరి మీద ఉన్న డాప్లర్ రాడారే ఆ గాలికి పనిచేయడం మానేసింది. సెల్ టవర్లు పోయాయి, కరెంటు లేదు. కనుక తెర మీద చూడగలిగిన సమయం తీరం దాటడానికి కొన్ని గంటల ముందే ముగుస్తుందని లెక్క వేసుకుని, నిర్ణయాలన్నీ అంతకు ముందే చేసుకోవాలి. ఆఖరి బులెటిన్‌ను కాగితం మీద రాసి పెట్టుకోండి: కేంద్రం ఎక్కడ ఉంది, ఎటు, ఎంత వేగంగా కదులుతోంది, మన ఊరు ఏ పక్కన ఉంది. ఫోను చచ్చిపోయిన తర్వాత కూడా, గాలి వీచే దిక్కు మారడాన్ని బట్టి తుపాను ఎంతవరకు వచ్చిందో ఆ కాగితంతో పోల్చుకోవచ్చు.

లైన్‌మన్_గారి_అమ్మాయి:
హుద్‌హుద్ తర్వాతి వారం గురించి కూడా కాస్త రాయనివ్వండి. గాలి ఒక్క రోజే, మిగిలిన కష్టమంతా నీళ్లది, పాలది, పెట్రోలుది. మోటార్లు ఆడకపోతే పై ట్యాంకు నిండదు. పెట్రోలు బంకుల ముందు వరసలు కట్టాము. ఉప్పు గాలికి మాడిపోయి కంబాలకొండ, కైలాసగిరి పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరిగాయి. తర్వాతి సంవత్సరాల్లో ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలను భూమిలోకి దించారు, అంతవరకు మేలు. తీగ భూమిలో ఉన్నా సబ్‌స్టేషన్ పైనే ఉంటుంది కాబట్టి, కరెంటు పోదని మాత్రం ఎవరూ ధీమాగా ఉండవద్దు.

మధురవాడ_పదో_అంతస్తు:
ఈ సాయంత్రం మా కమిటీ సమావేశంలో అన్నీ చదివి వినిపించాను. 48 గంటల అప్రమత్తత వచ్చిన రోజునే పై ట్యాంకులు నింపడం, జనరేటరు డీజిల్ తెచ్చి పెట్టడం, సముద్రం వైపు ఇళ్లవారికి కింది అంతస్తుల్లో చోటు చూడటం అని తీర్మానించాము. డాబా మీద ఉన్న పూలకుండీలు, రేకులు, డిష్ యాంటెన్నాలు ఎవరు దించాలన్న దగ్గర మాత్రం వాదన తెగలేదు. వాటి గురించి ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

పెదజాలరిపేట_బోటు:
కుండీలు దించేయండి, డిష్‌లు విప్పించేయండి, రేకులు మాత్రం తాళ్లతో కట్టి వదిలేయకుండా పూర్తిగా తీయించండి. సగం కట్టిన రేకు గాలికి తాడు తెంపుకుని మీ డాబా మీది నుంచి మరొకరి కిటికీలోకి పోతుంది. వాచ్‌మన్ కుటుంబం ఉండే గది సెల్లార్‌లో ఉంటే వాళ్లను కూడా ముందే పైకి తెచ్చుకోండి, వాననీరు మొదట చేరేది అక్కడికే.